గేమ్‌లో నడిపి చూసి అసలు కారు ఎంచుకోవచ్చా? కాలవ గట్ల మీద తిరిగేవాళ్లకు నా సలహా

ముందే చెప్పేస్తాను. రేసింగ్ గేమ్ ఆడి ఫలానా కంపెనీ ఫలానా మోడల్ కొనాలని తేల్చుకోలేరు. కానీ ఎత్తు కారా పొట్టి కారా, బరువైనదా తేలికదా, ఇంజిన్‌కి ఎంత సత్తువ ఉంటే సరిపోతుంది, ఈ మూడింటికీ గేమ్ దగ్గర మంచి జవాబులే దొరుకుతాయి. షోరూమ్‌లో ఇచ్చే టెస్ట్ డ్రైవ్ ఎలా ఉంటుందో తెలుసు కదా, పక్క సీట్లో సేల్స్ అబ్బాయి కూర్చుని ఫీచర్లు చెబుతూ ఉంటాడు, హైవే మీద కాస్త దూరం వెళ్లి యూటర్న్ తీసుకుని వచ్చేస్తాం, గట్టిగా బ్రేక్ కొట్టాలంటే మొహమాటం, మలుపులో వేగంగా తిప్పాలంటే భయం. కారుని దాని హద్దు దాకా తీసుకెళ్లి, అక్కడ అది ఏం చేస్తుందో టెన్షన్ లేకుండా చూడాలంటే మనలాంటివాళ్లకు ఉన్న చోటు గేమే.

ఇది ముఖ్యంగా ఇంట్లో మొదటి కారు కొంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు చాలా ఇళ్లలో డబ్బు నాన్నగారిది, మోడల్ పేరు చెప్పేది మాత్రం కొడుకో కూతురో. వాళ్లకు కార్ల గురించి తెలిసిందంతా గేమ్‌లోంచి, యూట్యూబ్‌లోంచి వచ్చిందే. ఆ తెలిసినదాన్ని పనికొచ్చేలా వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా.

గేమ్‌లో ఏం పరీక్షించాలో మన రోడ్లే చెబుతాయి. రావులపాలెం దగ్గర 16వ నంబరు హైవే ఎక్కితే బళ్లన్నీ వంద మీద ఉంటాయి. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం మీదుగా నరసాపురం వైపు వెళ్లే 216 మీద కూడా వేగం ఉంటుంది గానీ ఊరు వచ్చిన ప్రతిచోటా ఒక స్పీడ్ బ్రేకర్, అడ్డంగా వచ్చే సైకిలు, ధాన్యం ట్రాక్టరు. ఇక లోపలికి దిగితే గట్టే రోడ్డు. ఒక పక్క నిండుగా పారే కాలవ, రెండో పక్క చేను గానీ రొయ్యల చెరువు గానీ, మధ్యలో ఒక కారూ ఒక బైకూ పట్టేంత తారు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చిందంటే అది వెనక్కి వెళ్లదు, మనమే వెళ్లాలి, ఏ తూము దాకానో ఎవరింటి వాకిలి దాకానో అద్దాల్లో చూసుకుంటూ రివర్స్‌లో పోవాలి, ఎడమ చక్రం తారు అంచు దిగి మెత్తటి మట్టిలోకి జారిందంటే కారు కాలవ వైపు ఒరిగిపోతుంది. భీమవరం చుట్టుపక్కల అయితే చేపల లారీల్లోంచి కారే నీళ్లతో వాన లేని రోజు కూడా రోడ్డు తడిగానే ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మంచు సరేసరి.

అంటే మనకు కావలసింది ల్యాప్ టైమ్, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు ఎంతసేపట్లో తిరిగామన్నది కాదు. తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుంది, మనిషిని తప్పించడానికి ఉన్నపళంగా పక్కకు తిప్పితే ఎంత ఒరుగుతుంది, నిండా మనుషులతో గట్టు ఎక్కేటప్పుడు ఆగిపోతుందా, ఇవీ మన పరీక్షలు.

ఇక ఏ గేమ్ అన్నది. ఫోన్లో ఆడే రేసింగ్ గేములు ఈ పనికి అస్సలు పనికిరావు, వాటిలో కారుకి బరువే ఉండదు. వదిలేయండి.

ప్లేస్టేషన్ ఉన్నవాళ్లకు గ్రాన్ టురిస్మో 7 ఉంది. 1997 నుంచి వస్తున్న సిరీస్ ఇది, ఏడోది 2022లో వచ్చింది. దీని మంచి గుణం ఏమిటంటే సూపర్ కార్లతో పాటు రోజూ రోడ్డు మీద కనిపించే మామూలు కార్లు కూడా ఉంటాయి, గేమ్ మొదట్లో కొనుక్కోమని చూపించేవే హోండా ఫిట్, టొయోటా ఆక్వా, మాజ్డా డెమియో లాంటి చిన్న కార్లు. ఆ ఫిట్టే మన దగ్గర జాజ్ పేరుతో అమ్మారు. కాకపోతే గేమ్‌లో ఉన్నది హైబ్రిడ్, మన జాజ్ హైబ్రిడ్ కాదు. స్విఫ్ట్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. గేమ్‌లో ఉన్న స్విఫ్ట్ స్పోర్ట్‌కి 1.4 లీటర్ల టర్బో ఇంజిన్, 140 హార్స్‌పవర్. మన షోరూమ్‌లో ఉన్న స్విఫ్ట్‌కి 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, 82. పేరు చూసి, ముందు భాగం చూసి ‘నేను నడిపాను నాన్నా, అదిరిపోయింది’ అని చెప్పే కారు తణుకులో గానీ కాకినాడలో గానీ దొరకదు. గేమ్‌లో కారు ఎంచుకున్నప్పుడు పేరు పక్కన పెట్టి హార్స్‌పవర్, బరువు, ఇంజిన్ తిప్పే చక్రాలు ముందువా వెనకవా, ఈ మూడూ చూసి మీరు కొనబోయే కారుకి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోండి, అది వేరే కంపెనీది అయినా పర్లేదు.

ఫోర్జా హొరైజన్ 5 అనే గేమ్ మెక్సికోలో జరుగుతుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, మట్టి రోడ్లు, తుఫానులు, వాగులు అన్నీ ఉన్నాయి, ఎత్తు బళ్లు మట్టి మీద ఎలా జారతాయో కాస్త అర్థమవుతుంది. కానీ ఇది సరదా కోసం చేసిన ఆట, కారు మిమ్మల్ని ఎప్పుడూ క్షమిస్తూ ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం నీళ్లు. అందులో నీళ్లలోకి దూకించి అవతల ఒడ్డు ఎక్కేస్తాం. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంక ఊళ్ల కాజ్‌వేలు మునిగినప్పుడు ఆ ధైర్యంతో దిగితే గాలి లాగే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లలోకి వెళ్లి ఇంజిన్ అక్కడికక్కడే పట్టేస్తుంది, పైగా ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ తీసుకోకపోతే మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ రిపేరు డబ్బు రావడం కష్టం. ఈ ఒక్క అలవాటూ గేమ్‌లోంచి బయటికి తెచ్చుకోవద్దు.

కాస్త గట్టి పీసీ ఉంటే నా ఓటు బీమ్ ఎన్‌జీ డ్రైవ్‌కి. ఇందులో నిజమైన కంపెనీల కార్లు ఉండవు, అన్నీ కల్పిత పేర్లే, అయినా మన పనికి ఇదే ఎక్కువ ఉపయోగం, ఎందుకో చెబుతాను. కారు ఒక్కటే గట్టి ముద్దలా కాకుండా చాసిస్, సస్పెన్షన్, చక్రాలు విడివిడిగా వంగుతూ ఊగుతూ ఉంటాయి, గుంతలో వేగంగా పడితే సస్పెన్షన్ విరుగుతుంది. గేర్‌బాక్స్‌ని రియలిస్టిక్‌లో పెడితే క్లచ్ సరిగా వదలకపోతే ఇంజిన్ ఆగిపోతుంది. ఇటలీ అనే మ్యాప్‌లో ఊళ్ల మధ్య ఇరుకు సందులు ఉన్నాయి, వాటిలో రివర్స్ చేసుకుంటూ పొండి, బంపర్ ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఇబిషు కోవెట్ అనే, ముందు చక్రాలతో నడిచే చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒకటి, గావ్రిల్ రోమర్ అనే పెద్ద ఎస్‌యూవీ ఒకటి తీసుకుని ఒకే మలుపులో ఒకే వేగంతో తిప్పి చూడండి. ఎత్తు, బరువు అంటే ఏమిటో అప్పుడు మీ చేతికి తెలుస్తుంది.

అసెట్టో కోర్సా అనే గేమ్ కూడా బాగానే ఉంటుంది, ట్రాక్ మీద టైరు పట్టు చాలా నిజంగా అనిపిస్తుంది. దానికి బయటివాళ్లు చేసిన కార్ల మోడ్‌లు, అంటే గేమ్‌లోకి మనం చేర్చుకునే కార్లు, కుప్పలుగా దొరుకుతాయి, మన దేశపు కార్ల పేర్లతో ఉన్నవి కూడా. వాటిని నమ్మి నిర్ణయం తీసుకోవద్దు, పైన బొమ్మ మన కారుదే కావచ్చు, లోపల సస్పెన్షన్ అంకెలు చేసినవాడి అంచనా.

సెట్టింగుల సంగతి తేలిగ్గా తీసుకోకండి, గేమ్ మొదట ఇచ్చినట్టే ఆడితే ప్రతి కారూ మంచిదే అనిపిస్తుంది. ఎటు పోవాలో రోడ్డు మీద గీత గీసి చూపించే డ్రైవింగ్ లైన్ తీసేయండి, కంప్యూటర్ తనంతట తాను బ్రేక్ వేసే సాయం తీసేయండి. ట్యూనింగ్ ఏమీ చేయొద్దు. స్పోర్ట్స్, రేసింగ్ టైర్లు పీకేసి గ్రాన్ టురిస్మోలో అయితే కంఫర్ట్ హార్డ్ వేయండి, మనం రోజూ వాడే టైర్లకు కాస్త దగ్గరగా ఉండేది అదే. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉంచండి, 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. సెకండ్ హ్యాండ్‌లో అంతకన్నా పాత బండి చూస్తున్నవాళ్లు మాత్రం ఏబీఎస్ తీసేసి తడి రోడ్డు మీద ఒకసారి బ్రేక్ కొట్టి చూడండి, చక్రాలు లాక్ అయ్యాక స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగానే పోతుంది. అది చూశాక పాత బండి ధర తక్కువగా ఉందన్న సంతోషం కొంత తగ్గుతుంది, తగ్గాలి కూడా.

కంట్రోలర్‌తో ఆడితే స్టీరింగ్ గురించి ఏ అభిప్రాయమూ పెట్టుకోకండి. బొటనవేలితో అర అంగుళం కదిపే పుల్లకీ నిజం స్టీరింగ్‌కీ పోలిక లేదు. లాజిటెక్ జీ29 లాంటి వీల్ 900 డిగ్రీలు తిరుగుతుంది, మూడు పెడల్స్ ఉంటాయి, గేర్ రాడ్ విడిగా కొనాలి. కారు ఎంచుకోవడం కోసమే అది కొనమని నేను చెప్పను, ఆ డబ్బు ఇన్సూరెన్స్‌లో మంచి కవర్‌కి పెట్టుకోండి. స్నేహితుడి దగ్గర ఉంటే ఆదివారం మధ్యాహ్నం వెళ్లి కూర్చోండి చాలు.

అన్నిటికన్నా ముందు చేయవలసింది బ్రేక్ పరీక్ష. గ్రాన్ టురిస్మోలో త్సుకుబా అనే చిన్న జపాన్ ట్రాక్ ఉంది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. దాని స్ట్రెయిట్‌లో పక్కన ఏదో ఒక బోర్డు గుర్తు పెట్టుకుని, 40 వేగంతో వచ్చి సరిగ్గా అక్కడ పెడల్ పూర్తిగా తొక్కండి, ఎక్కడ ఆగిందో చూసుకోండి. మళ్లీ అదే చోట 80తో. వేగం రెండింతలైతే ఆగే దూరం కూడా రెండింతలని మనలో చాలామంది అనుకుంటాం, నిజానికి అది నాలుగింతలు. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో 40 దగ్గర సుమారు 8 మీటర్లలో ఆగేది 80 దగ్గర 30 మీటర్లు దాటుతుంది, పైగా కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి పట్టే ఒక్క సెకనులోనే ఇంకో 22 మీటర్లు వెళ్లిపోతాం. వాన పెట్టే వీలున్న ట్రాక్ మీద తడి పెట్టి మళ్లీ చేయండి. ఇది చేశాక మీరు షోరూమ్‌లో అడిగే ప్రశ్న మారుతుంది, సన్‌రూఫ్ ఉందా అని కాకుండా ఈ వేరియంట్‌కి ఏ టైర్లు వస్తాయి, ఎంత వెడల్పు అని అడుగుతారు.

తర్వాత ఎత్తు. ఒకే మలుపు, ఒకే వేగం, ఒకసారి హ్యాచ్‌బ్యాక్, ఒకసారి ఎత్తు బండి. ఎత్తు బండి ఒరుగుతుంది, ముక్కు మలుపు బయటికి తోసుకుపోతుంది, ఉలిక్కిపడి వెనక్కి తిప్పితే రెండో పక్కకు ఇంకా ఎక్కువ ఊగుతుంది. గేదె అడ్డొచ్చినప్పుడు మనం చేసేది సరిగ్గా ఇదే, ఎడమకి ఒక కోత, వెంటనే కుడికి ఇంకో కోత. ఈ పరీక్షలో ప్రతిసారీ పొట్టి కారే గెలుస్తుంది. కానీ గెలిచింది కదా అని దాన్నే కొనేయకండి, ఎందుకంటే గేమ్‌లో మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ లేదు, బళ్లని గోదావరి దాటించే పంటు లేదు. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో కారుని పంటు మీదికి ఎక్కించేటప్పుడు చూడండి, రేవు వాలు, పంటు చెక్కల వాలు రెండూ కలిసేచోట ముందు బంపర్ కిందిభాగం ఎంత దగ్గరికి వస్తుందో. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య ఎడం, 163 మిల్లీమీటర్లు, టాటా పంచ్‌ది 187, హ్యుందాయ్ ఎక్స్‌టర్‌ది 185, బ్రెజాది 198, నెక్సాన్‌ది 208. ఐదుగురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా పెట్టాక ఆ అంకెలన్నీ తగ్గుతాయి. మనకు ఎత్తు తప్పదు, తప్పదు కాబట్టి ఎత్తు బండి మలుపులో ఎంత నెమ్మదిగా తిప్పాలో గేమ్‌లో ముందే చేతికి అలవాటు చేసుకోవాలి. ఈ వ్యాసం మొత్తంలో నేను గట్టిగా నమ్మే మాట ఇదే.

సత్తువ గురించి క్లుప్తంగా. గేమ్‌లో 80 హార్స్‌పవర్ కారు చప్పగా అనిపిస్తుంది, పక్కన 400 ఉన్నవి తిరుగుతుంటాయి కాబట్టి. గట్టు రోడ్డు మీద 50కి మించి పోలేం, అక్కడ 80 చాలు. 216 మీద ఇసుక లారీని దాటాలంటే మాత్రం 60 నుంచి 80కి ఎంతసేపట్లో వెళ్తుందో ముఖ్యం, అది గేమ్‌లో మూడో గేర్‌లోనూ నాలుగో గేర్‌లోనూ విడివిడిగా చేసి చూడండి. ఒక గేర్ దించితే ఎంత తేడా వస్తుందో తెలిశాక పెద్ద ఇంజిన్ కోసం లక్ష ఎక్కువ పెట్టాలా వద్దా మీరే చెప్పగలరు.

ఆటోమేటిక్ దగ్గర గేమ్ మనల్ని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. అందులో గేరు రెప్పపాటులో మారిపోతుంది. మన బడ్జెట్ కార్లలో ఎక్కువగా వచ్చేది ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్స్‌కే మెషీన్ క్లచ్ తొక్కి పెట్టేది. గేరు మారేటప్పుడు ఒక చిన్న ఆగుడు, తల ముందుకి ఊగడం ఉంటాయి, లారీని దాటుతున్న మధ్యలో ఆ ఆగుడు వస్తే గుండె జారుతుంది. గట్టు ఎక్కేటప్పుడు ఆగి మళ్లీ కదిలితే, వాలు మీద కారుని కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేని వేరియంట్ అయితే వెనక్కి కాస్త జారుతుంది కూడా. అమలాపురం ఊళ్లో ట్రాఫిక్‌లో మాత్రం ఏఎంటీ ప్రాణానికి హాయి. ఇది కేవలం నిజం కారులోనే తేలుతుంది.

గేమ్ చెప్పలేనివి ఇంకా ఉన్నాయి, అవి చిన్నవి కావు. వెనక సీట్లోకి మామ్మ మోకాళ్లు నొప్పి లేకుండా ఎక్కగలదా, మే నెలలో ఏసీ వెనక దాకా వస్తుందా, రాత్రి గట్టు మీద హెడ్‌లైట్ కాలవ అంచు చూపిస్తుందా, సర్వీస్ సెంటర్ ఎంత దూరం. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది, అక్కడివాళ్లు అండర్‌బాడీ కోటింగ్ గురించి కొన్న రోజే మాట్లాడుకోవాలి. బీమ్ ఎన్‌జీలో కారు గుద్దించి చూసి ‘ఇది గట్టిది’ అనుకోవడం మాత్రం అసలు వద్దు, దానికి నిజం కార్లని గుద్దించి చూసి ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ స్టార్లు ఉన్నాయి, 2023 అక్టోబర్ నుంచి మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఉంది, అవి చూడండి.

ఇక నన్నడిగితే ఎవరికి ఏది అంటారా. హైవే పక్కన ఉండి, రోజూ రాజమండ్రి గానీ తాడేపల్లిగూడెం గానీ వెళ్లి వచ్చేవాళ్లు, లోపలి రోడ్లకు ఎప్పుడో తప్ప పోనివాళ్లు స్విఫ్ట్ లాంటి పొట్టి తేలిక కారు తీసుకోండి, గేమ్ చెప్పినదే మీ విషయంలో నిజం. ఇల్లు గట్టు మీద ఉంటే పంచ్, ఎక్స్‌టర్ తరగతి మాన్యువల్ గేర్లతో. వాటిలో పంచ్‌కి 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దవాళ్ల భద్రతకు 5 స్టార్లు ఇచ్చింది, ఎక్స్‌టర్‌కి నాలుగు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి నున్నగా నడుస్తుంది, నేనైతే పంచ్ వైపే మొగ్గుతాను. పెళ్లిళ్లకీ అన్నవరానికీ ఏడుగురు వెళ్లే ఇల్లయితే ఎర్టిగా, కాకపోతే నిండా మనుషులున్నప్పుడు బ్రేకు దూరం పెరుగుతుందని గుర్తుంచుకుని ముందు బండికి ఇంకాస్త ఎడం ఇవ్వాలి. చెరువు గట్ల మీద వానలో తిరగాల్సిన రొయ్యల రైతుకి జిమ్నీ నిజంగా పనిముట్టే, 210 మిల్లీమీటర్ల ఎత్తు, నాలుగు చక్రాల డ్రైవ్, బురదలోంచి నెమ్మదిగా గట్టిగా లాగే లో రేంజ్ గేర్లు ఉన్నాయి. కానీ అది నలుగురి బండే, మైలేజీ కోసం చూసేవాళ్లకు సరిపడదు.

గేమ్‌లో ఇవన్నీ చూశాక జాబితాలో రెండు పేర్లు మిగుల్చుకుని టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లండి. షోరూమ్ ముందు రోడ్డు మీద వద్దు, బండిని మీ ఇంటికే తెమ్మని అడగండి, చాలాచోట్ల తెస్తారు. ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని మీరు రోజూ పోయే గట్టు మీదికి తీసుకెళ్లండి, వెనక ఎవరూ రాకుండా చూసుకుని, సేల్స్ అబ్బాయికి ముందే చెప్పి 40 దగ్గర ఒకసారి గట్టిగా బ్రేక్ వేయండి, వాలు మీద ఆపి మళ్లీ కదిలించండి, ఆ తర్వాత తూము దాకా రివర్స్‌లో రండి. వీలైతే చీకటి పడ్డాక అదే దారిలో ఇంకోసారి. రెండో కారుకీ ఇదే దారి, ఇవే పరీక్షలు, అప్పటిదాకా అడ్వాన్స్ కట్టకండి.